కృపకు రేటు కట్టకండి
మన చర్చిల్లో తలెత్తి చూస్తే ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు కనిపిస్తాయి. ఇచ్చినవారిని తప్పుపట్టను, ఎండాకాలం ఆరాధనలో ఆ గాలికి కూర్చున్నవాణ్ణే నేనూ. బాధల్లా ఒకటే: పరిచర్య అంటే దేవుడి దగ్గర ఖాతా తెరవడమన్నట్టు, ఇంత విత్తితే ఇంత దీవెన అని వేదిక మీంచే వినబడుతోంది. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు చెప్పిన వరస దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ముందు కృప, అదీ ఉచితంగా. ఆ తర్వాతే సత్క్రియలు. కృప దొరికింది పనిచేయడానికే గానీ, చేసిన పని చూపించి దాన్ని కొనుక్కోవడానికి కాదు. ఈ తేడా ఒంగోలు ప్రాంతం ఏనాడో చూసింది. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన జనానికి కూలి ఇప్పించాడు. కూలి డబ్బు కూలి డబ్బే. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. నెలల తరబడి అలా ఆగాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సభల్లో ఆ అంకె గొప్పగా చెప్పుకుంటాం, అంతకుముందు ఆపిన సంగతి మాత్రం మింగేస్తాం. సంఘ పెద్దలకు నా మనవి: వచ్చే ఆదివారం కానుకల జాబితా మైకులో చదవడం మానండి. ఆ కాసేపు మీ వీధిలో మంచాన పడ్డవాళ్ల ఇంటికి వెళ్లి రండి, వాళ్లు మీ సంఘస్థులు కాకపోయినా సరే.