నవ్వు కోసం ఆగే హార్మోనియం

మూకీ హాస్యచిత్రాన్ని ఇప్పుడు ఎక్కడ వేసినా, ఎప్పుడో రికార్డు చేసిన పియానో ఒకటి దాని వెంటే వస్తుంది. మాటలు లేవు కాబట్టి ఏదో ఒక చప్పుడు ఉండాలన్న సర్దుబాటు అది. 1920ల అమెరికాలో మాత్రం హాల్లో వాద్యకారుడంటే ప్రదర్శనలో సగం. వుర్లిట్జర్ థియేటర్ ఆర్గాన్ ముందు కూర్చున్న ఒక్క మనిషి చేతులతో, కాళ్లతో గొట్టాలు, డ్రమ్ములు, గంటలు పలికించి మొత్తం వాద్యబృందం పని చేసేవాడు. హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ చిత్రాలకు వాయించిన గేలార్డ్ కార్టర్, టాకీలొచ్చి ఆ కొలువులు పోయాక, దశాబ్దాల తర్వాత మళ్లీ మూకీలకే వాయించాడు. ఆ ఆర్గాన్‌ని హైదరాబాదుకు తెమ్మని మేం అనడం లేదు. ఆ పని చేయగల చేతులు ఇక్కడే ఉన్నాయి, వాటిని బంజారా హిల్స్‌లోని ఒక తెర ముందు కూర్చోబెట్టమంటున్నాం.

ఇంతకీ ఆ పనేమిటి? హాస్యనటుడు బస్టర్ కీటన్ 1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్, జూనియర్’ చూడండి. గాలివానలో ఇంటి ముందుగోడ మొత్తం అతని మీదికి ఒరుగుతుంది. పైఅంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికే వచ్చి పడటంతో బతికిపోతాడు. గోడ కదలకముందే డోలు మోగితే గుట్టు రట్టయినట్టే. తెలివైన వాద్యకారుడు అప్పటిదాకా గాలివానను వాయించి, గోడ కదిలే క్షణంలో చేయి తీసేస్తాడు. హాలు ముందు ఉలిక్కిపడుతుంది, ఆ తర్వాత నవ్వుతుంది. బొమ్మ ఆగదు, ఆగాల్సింది సంగీతమే. ఆ నవ్వు ఇవాళ ఎంతసేపు సాగుతుందో రికార్డుకు తెలియదు. ఎదురుగా కూర్చున్న మనిషికే తెలుస్తుంది.

ఈ ఆగడం మన పద్యనాటకానికి కొత్త కాదు. నటుడు రాగాన్ని ఎంత దూరం లాగుతాడో, జనం ఎప్పుడు ‘వన్స్ మోర్’ అంటారో ముందు తెలియకుండానే హార్మోనిస్టు వెంట నడుస్తాడు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సంప్రదాయం ఈనాటికీ హైదరాబాదులో బతికే ఉంది. మూకీ హాస్యమూ ఈ నగరానికి పరాయిది కాదు. ‘బిలేత్ ఫెరత్’ అనే మూకీ హాస్యచిత్రంతో పేరు తెచ్చుకున్న ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో ఇక్కడే లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి చిత్రాలు తీశాడు. ‘రజియా బేగం’ ప్రదర్శించి నిజాం ఆగ్రహానికి గురై ఊరు విడిచాడు. నాటకానిదీ మూకీదీ ఒకే ఊరు, ఇప్పుడు ఒకే హాలు కావాలి.

చాప్లిన్ ‘సిటీ లైట్స్’కు తానే సంగీతం కట్టి చిత్రంతోపాటే ముద్రించాడు కదా, సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ కూడా ఎల్. వైద్యనాథన్ సంగీతంతోనే నిలిచింది కదా అనవచ్చు. నిజమే. వాటిని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. అవి టాకీలొచ్చాక, సంగీతాన్ని చిత్రంలో భాగంగా తలచి చేసినవి. కీటన్, లాయిడ్‌ల మూకీలు అలా కాదు, హాల్లో ఒక వాద్యకారుడు ఉంటాడన్న లెక్కతోనే తయారయ్యాయి. వాటికి తర్వాత అతికించిన రికార్డు కంటే ఎదుట వాయించడమే అసలుకు దగ్గర. హార్మోనియం గమకం పలకదని 1940లో ఆకాశవాణి దాన్ని గెంటేసి, 1971 దాకా దూరం పెట్టిన మాటా వాస్తవమే. కానీ ఇక్కడ గమకంతో పనిలేదు. వేలు తీయగానే తెగిపోయే స్వరం, తిత్తి బిగువుతో పెరిగి తగ్గే ధ్వని చాలు. అడుగుల చప్పుడుకు తబలా ఉంది. అసలు ప్రమాదం వేరే ఉంది. కీటన్ కింద ఒక హిట్ పాట బాణీ వేసి తేలిగ్గా చప్పట్లు కొట్టించుకోవడం. అప్పుడు జనం నవ్వేది పాటకే, కీటన్‌కు కాదు.

బంజారా హిల్స్ రోడ్ నంబర్ 1లోని లామకాన్ వంటి సాంస్కృతిక వేదికలో దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. మన చట్టంలో సినిమాపై కాపీరైటు 60 ఏళ్లే కాబట్టి, నాటి మూకీలు ఆ గడువు ఎప్పుడో దాటాయి. 20 నిమిషాల రెండు రీళ్ల చిత్రంతో మొదలుపెట్టవచ్చు. హార్మోనిస్టుకు ముందుగా చిత్రం రెండుమూడు సార్లు చూపించాలి, అతని పేరు కరపత్రంలో దర్శకుడి పక్కనే వేయాలి. ప్రవేశం ఉచితం కావచ్చు గానీ వాద్యం ఉచితం కాకూడదు. ఖర్చంటూ పెడితే ముందు అతని పారితోషికానికే పెట్టాలి.