ముందు ఆ పిల్లల లెక్క చెప్పండి

"మనిషికి పని వచ్చు. జట్టును గెలిపిస్తాడు. ఎప్పుడో జరిగిన గొడవ పట్టుకుని ఇంకా ఎన్నాళ్లు వేధిస్తారు?" అమెరికాలో పిల్లలను చదివించుకుంటున్న గుడివాడ, బందరు వాళ్ల దగ్గర అక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్ ప్రస్తావన వస్తే ఈ మాట వినిపిస్తుంది. ఇక్కడ కాలేజీ యాజమాన్యాలు కొత్త పీడీని (ఫిజికల్ డైరెక్టర్‌ను) పెట్టుకునేటప్పుడూ ఇదే మాట. ఆటగాళ్లను తెచ్చుకోవడంలో అడ్డదారి తొక్కిన కోచ్‌కి మళ్లీ ఉద్యోగం ఇస్తే తప్పేముందని దాదాపు అందరూ ఒప్పేసుకున్నారు. నేను ఒప్పుకోను. అలాగని దొరికిపోయిన కోచ్‌ని జన్మంతా వెలివేయాలని కూడా అనను. మనిషి మారతాడని నమ్మేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ "రెండో అవకాశం" పేరు చెప్పి ఇప్పుడు జరుగుతున్నది మనిషి మారడం కాదు, గెలిచేవాడి తప్పును మాఫీ చేయడం.

అక్కడ కాలేజీ ఆట మన అంతర్ కళాశాలల పోటీల్లాంటి చిన్న వ్యవహారం కాదు. అక్కడి కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఏటా మార్చిలో మొదలుపెట్టే బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ప్రసార హక్కుల కోసం 2010లో టీవీ సంస్థలు 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్నాయి. పెద్ద కోచ్‌ల జీతాలు ఏడాదికి పదుల లక్షల డాలర్లు. ఆడే కుర్రాడికి మాత్రం చదువు, తిండి, వసతి తప్ప పెద్దగా ఏమీ ముట్టకూడదని చాలాకాలం నియమం. అంత డబ్బూ అంత కట్టడీ ఒకేచోట ఉన్నాక దొడ్డిదారి పడకుండా ఉంటుందా? బూట్ల కంపెనీల మనుషులు, ఏజెంట్లు, ఆర్థిక సలహాదారులు, కోచ్‌లు పదిహేడేళ్ల కుర్రాళ్ల చుట్టూ మూగారు.

2017 సెప్టెంబర్ 26న ఎఫ్‌బీఐ ఆ గుట్టు బయటపెట్టింది. నలుగురు అసిస్టెంట్ కోచ్‌లను అరెస్టు చేసింది. ఆబర్న్‌లో చక్ పర్సన్, ఓక్లహోమా స్టేట్‌లో లామాంట్ ఎవాన్స్, అరిజోనాలో బుక్ రిచర్డ్‌సన్, సదరన్ కాలిఫోర్నియాలో టోనీ బ్లాండ్. తమ దగ్గర ఆడే పిల్లలు రేపు ప్రొఫెషనల్స్ అయితే ఫలానా ఏజెంటు దగ్గరికో, ఫలానా సలహాదారు దగ్గరికో పంపిస్తామని లంచం పుచ్చుకున్నారన్నది అభియోగం. పర్సన్ 91,500 డాలర్లు, ఎవాన్స్ 22,000, రిచర్డ్‌సన్ 20,000, బ్లాండ్ 4,100. నలుగురూ నేరం ఒప్పుకున్నారు. ఎవాన్స్, రిచర్డ్‌సన్‌లకు మూడేసి నెలల జైలు పడింది. పైగా ఎన్‌సీఏఏ వాళ్లిద్దరికీ, పర్సన్‌కూ పదేళ్ల షోకాజ్ వేసింది. ఆ పదేళ్లలో ఏ కాలేజీ అయినా వాళ్లను తీసుకోవాలంటే ముందు ఎన్‌సీఏఏకి సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పుకునే ఓపిక ఏ కాలేజీకి ఉంటుంది? రిచర్డ్‌సన్ న్యూయార్క్‌లో చిన్నపిల్లల క్లబ్బు జట్లకు ఆట నేర్పే పనిలోకి వెళ్లాడు.

ఇప్పుడు పైమెట్టు మీద ఉన్నవాళ్లను చూడండి. రిచర్డ్‌సన్ ఎవరి కింద పనిచేశాడో ఆ షాన్ మిల్లర్‌ను అరిజోనా 2021లో పంపించేసింది. మరుసటి ఏడాదే జేవియర్ పిలిచింది, 2025లో టెక్సస్ పిలిచింది. రిక్ పిటినోను లూయివిల్ 2017 అక్టోబరులో తీసేసింది. అక్కడి డార్మిటరీకి, చేరబోయే ఆటగాళ్ల కోసం, డబ్బిచ్చి ఆడవాళ్లను రప్పించిన వేరే కేసులో ఆ కాలేజీ 2013 జాతీయ టైటిలే రద్దయింది. ఆయన గ్రీసు వెళ్లాడు, 2020లో అయోనాకు తిరిగొచ్చాడు, 2023లో సెయింట్ జాన్స్ పీఠం ఎక్కాడు. ఒక ఆటగాడి కోసం పెట్టిన గట్టి ఆఫర్ గురించి లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ) కోచ్ విల్ వేడ్ మాట్లాడిన మాటలు ఎఫ్‌బీఐ రికార్డింగుల్లో దొరికాయి. ఎల్‌ఎస్‌యూ 2022 మార్చిలో సాగనంపింది. ఏడాది తిరిగేసరికి మెక్‌నీస్ స్టేట్ తీసుకుంది. నిషేధం వల్ల పది ఆటలు పక్కన కూర్చున్నాడు, 2025లో నార్త్ కరోలినా స్టేట్‌కి ఎక్కాడు.

మిల్లర్ మీద, పిటినో మీద క్రిమినల్ కేసు లేదు. ఎన్‌సీఏఏ నియమించిన స్వతంత్ర విచారణ సంఘం కూడా 2022లో ఆ ఇద్దరికీ శిక్ష వేయలేదు. ఆ సంగతి దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. కాబట్టి వాళ్లను నేరస్థులని అనను. నేనడిగేది ఒక్కటే. ఒకే గొడుగు కింద జరిగిన వ్యవహారంలో కిందివాడికి పదేళ్ల తలుపు మూత, పైవాడికి కొద్ది ఏళ్లలోనే కొత్త గది తాళం చెవులు ఎలా వచ్చాయి? అరెస్టయిన నలుగురూ నల్లవాళ్లు. మళ్లీ పీఠమెక్కిన ఈ ముగ్గురూ తెల్లవాళ్లు. "అందరికీ రెండో అవకాశం ఉండాలి కదా" అని ఉదారంగా మాట్లాడే మనవాళ్లు ఆ "అందరి"లో బుక్ రిచర్డ్‌సన్‌ను ఎప్పుడైనా లెక్కపెట్టారా?

బ్రూస్ పెర్ల్ కథ ఇంతకంటే సూటిగా ఉంటుంది. టెనెసీలో ఉండగా, 2008లో, ఇంకా హైస్కూల్లో ఉన్న ఆటగాళ్లను నియమానికి విరుద్ధంగా ఇంటికి విందుకు పిలిచాడు. అది చిన్న తప్పే. విచారణకు వచ్చినవాళ్లు ఫొటో చూపిస్తే అది తన ఇల్లని తెలియనట్టు అబద్ధమాడాడు. 2011లో ఉద్యోగం పోయింది, మూడేళ్ల షోకాజ్ పడింది. ఆ గడువు ఇంకా తీరకముందే, 2014 మార్చిలో, ఆబర్న్ ఆయన్ను తీసుకుంది. 2017లో అరెస్టయిన చక్ పర్సన్ పనిచేసింది ఆయన దగ్గరే. నియమాలు అమలయ్యేలా చూడలేదని 2021 డిసెంబరులో ఎన్‌సీఏఏ పెర్ల్‌ను రెండు ఆటలు దూరం పెట్టింది, ఆబర్న్‌ను నాలుగేళ్ల ప్రొబేషన్‌లో ఉంచింది. ఈ మధ్యలో 2019లో జట్టు ఫైనల్ ఫోర్‌కి చేరింది. ఊరంతా ఆ ఏడాదినే గుర్తుపెట్టుకుంది. ఒకసారి నియమం తప్పి, అబద్ధమాడి వచ్చిన మనిషికి రెండోచోట మరింత గట్టి నిఘా పెట్టాలని ఆ కాలేజీ ఆలోచించిన జాడ నాకైతే కనిపించదు.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. "ఆ నియమాలే అన్యాయం, ఇప్పుడు ఎత్తేశారు కదా" అంటారు. నిజమే. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే మొదటి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా తమ ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. చెమటోడ్చిన కుర్రాడికి డబ్బు అందడం న్యాయం, ఇన్నేళ్లు అందకపోవడమే దోపిడీ. అందుకే కోచ్ కెల్విన్ శాంప్సన్ తిరిగి రావడం మీద నాకు పేచీ లేదు. ఆయన మీద ప్రధాన ఫిర్యాదు ఆటగాళ్లకు లెక్కకు మించి ఫోన్లు చేశాడని. 2008లో ఇండియానా వదిలాడు, అయిదేళ్ల షోకాజ్ మోశాడు, ఎన్‌బీఏలో అసిస్టెంటుగా పనిచేసి 2014లో హ్యూస్టన్ చేరాడు. ఆ ఫోన్లతో ఏ కుర్రాడి బతుకూ చెడలేదు.

కుర్రాడికి డబ్బు ఇవ్వడం వేరు, కుర్రాణ్ణి అమ్ముకోవడం వేరు. నియమాలు మారితే మొదటిది ఒప్పవుతుంది. రెండోది ఏ నియమం వచ్చినా ఒప్పు కాదు. బ్రయన్ బోవెన్ అనే కుర్రాణ్ణి లూయివిల్‌లో చేర్చడానికి అతని తండ్రికి లక్ష డాలర్లు ముట్టజెప్పే ఏర్పాటు జరిగిందని ఫెడరల్ కోర్టులో తేలింది. తనకేమీ తెలియదని కుర్రాడు మొదటినుంచీ చెబుతూ వచ్చాడు. కాలేజీ తరఫున ఒక్క ఆట కూడా ఆడలేకపోయాడు. చివరికి ఆస్ట్రేలియా వెళ్లి సిడ్నీ కింగ్స్‌కి ఆడి, అక్కడి నుంచి దారి వెతుక్కున్నాడు. కోచ్‌ల రెండో అవకాశం గురించి పత్రికలు పేజీలు నింపాయి. పోయిన ఆ కాలేజీ రోజులు బోవెన్‌కు ఎవరు తిరిగిస్తారు?

ఇదంతా ఎక్కడిదో గొడవ అనుకుని పక్కన పెడదామంటే కుదరదు. మన దగ్గర అంత డబ్బు లేదు, టీవీలు లేవు, పద్ధతి మాత్రం అదే. పదో తరగతి పరీక్షలు కాకముందే పీఆర్వోలు ఊళ్ల మీద పడతారు. లెక్చరర్లకు వేసవి సెలవుల్లో అడ్మిషన్ల టార్గెట్లు పెడతారు. ఆటలో చురుకైన కుర్రాడైతే పీడీయే స్వయంగా ఇంటికి వస్తాడు. నాగాయలంక, కోడూరు వైపు చేపల వేట మీద బతికే ఇళ్లలో కబడ్డీ బాగా ఆడే పిల్లవాడు ఉంటే చాలు, ఫీజు లేదు, హాస్టల్ ఫ్రీ, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయం అని చెబుతారు. కాగితం మీద ఒక్క ముక్క ఉండదు. కొన్నిచోట్ల తరగతి గది ముఖం చూడని ఆటగాడి పేరు కూడా రోల్‌లో ఉంటుంది. వయసు తగ్గించి రాయించడం మామూలే. ఆ జబ్బు దేశమంతా ఉంది కాబట్టే 2010లో కేంద్రం వయసు మోసాల మీద ప్రత్యేకంగా ఒక కోడ్ తేవలసి వచ్చింది.

మోకాలి లిగమెంటు తెగే రోజు వరకు అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత హాస్టల్ గది ఖాళీ చేయమంటారు. ఫ్రీ అన్న ఫీజు బకాయిగా మారుతుంది. అది కట్టేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వరు. నోటిమాట ఇచ్చిన పీడీ ఏడి అంటే, పక్క ఊళ్లో ఇంకో కాలేజీలో చేరాడంటారు. అక్కడ ఆయన గదిలో కప్పులు వరసగా పేర్చి ఉంటాయి. కరస్పాండెంటు వాటినే చూసి తీసుకున్నాడు.

"ఆయన లేకపోతే ఆ పిల్లవాడు పడవ మీదే ఉండేవాడు" అని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. ఈ మాట నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. పేదవాడు కాబట్టి ఇచ్చిన మాట తప్పినా ఫర్వాలేదన్నట్టు. పేద ఇంటి పిల్లవాడికి చదువు ఒక్కసారి తెగితే మళ్లీ అతికే దారులు తక్కువ. కోచ్‌కి దొరికినన్ని అవకాశాల్లో సగం కూడా అతనికి దొరకవు. ముందుగా పట్టించుకోవలసింది అతన్నే.

పిల్లల బాధ్యత కూడా గురువుదేనని నమ్మిన మనుషులు ఈ నేల మీదే పుట్టారు. 1862లో బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ పదవుల కంటే, ఆయన చేరదీసిన అనాథ పిల్లల వల్ల, దళిత విద్యార్థుల వల్లే ఆయన పేరు నిలిచింది. అంత గొప్ప మనిషిని ప్రతి పీడీ పోస్టులోకీ తెమ్మని నేను అడగడం లేదు. తాను తీసుకొచ్చిన కుర్రాడు ఏమయ్యాడో చెప్పగలిగే మనిషి అయితే చాలు.

అదైనా అడగడం కష్టమేమీ కాదు. అమెరికాలో ప్రతి జట్టు ఆటగాళ్ల చదువు ఎలా సాగుతోందో ఏపీఆర్ అనే కొలతతో లెక్క కడతారు. ఆ లెక్క తక్కువైందని, అప్పటికి రెండేళ్ల కిందటే ఛాంపియన్ అయిన కనెక్టికట్‌ను 2013 టోర్నమెంటుకు రానివ్వలేదు. పెద్ద జట్టని మినహాయింపు ఇవ్వలేదు. మన కాలేజీలు అలాంటి కాగితం ఒక్కటి పెట్టుకోలేవా? కొత్తగా చేరబోయే కోచ్‌ని గత అయిదేళ్లలో తాను తెచ్చిన ఆటగాళ్ల పేర్లు రాయమనండి. వాళ్లలో డిగ్రీ పూర్తిచేసింది ఎవరు, మధ్యలో మానేసింది ఎవరు, గాయపడినవాళ్లకు ఎవరు వైద్యం చేయించారు, ఎంత బకాయి ఉంది, అన్నీ రాయమనండి. పాత చోట జరిగిన తప్పు గురించి కూడా తన చేత్తోనే రాయమనండి. తల్లిదండ్రులు ఆ కాగితం చూపించమని అడగాలి. అవనిగడ్డకు టీచరు ఉద్యోగాల కోచింగ్ కోసం జిల్లాలు దాటి వచ్చేవాళ్లు కూడా చేరేముందు నాలుగు చోట్ల వాకబు చేస్తారు. బిడ్డను ఒకరి చేతిలో పెట్టేటప్పుడు ఆ మాత్రం వాకబు చేయకపోతే ఎలా?

ఆ కాగితం నిజాయితీగా నింపగలిగిన కోచ్ పాత తప్పు చేసినవాడైనా నేను ఆహ్వానిస్తాను. అతనికి జూనియర్ జట్టు ఇవ్వండి, రెండేళ్లు చూడండి, తర్వాత పెద్ద జట్టు ఇవ్వండి. నింపలేనివాడికి మాత్రం కొత్త ఆర్డరు చేతిలో పెట్టకముందే ఒక పని అప్పజెప్పండి. పాత కాలేజీకి వెళ్లి, తాను తీసుకొచ్చిన కుర్రాళ్ల బకాయి కట్టి, వాళ్ల ఒరిజినల్స్ విడిపించి ఇళ్లకు చేర్చి రమ్మనండి.