కారు కడగడానికి మూడు బకెట్లు చాలు



ఒకప్పుడు మన పల్లెల్లోకి కారు వచ్చిందంటే అది పెళ్లి కోసమో, ఎలక్షన్ కోసమో అయి ఉండేది. ఇప్పుడు నల్లగొండ వైపు పోయినా, పాలమూరు వైపు పోయినా ఊరూరా కార్లు కనిపిస్తున్నాయి. కొందరికి అది ఇంటి అవసరం. చాలామంది తమ్ముళ్లకు అదే బతుకుదెరువు. అప్పు చేసి బండి కొని, హైదరాబాదులో కిరాయికి తిప్పి, నెలనెలా కిస్తీ కడుతున్నారు. అలాంటి ఇంటికి కారు పెయింటు అంటే రేపు బండి అమ్మేటప్పుడు చేతికొచ్చే ధర. అందుకే ఈసారి మనము ఒక చిన్న పని గురించి మాట్లాడుకుందాము. ఇంటి దగ్గర కారును గీతలు పడకుండా కడుక్కోవడం ఎలా? పని చిన్నదే గాని, మన ప్రాంతంలో అది నీళ్లతో ముడిపడిన పని. నీళ్ల సంగతి మనకు ఏనాడూ చిన్నది కాలేదు.

మా అభిప్రాయం ముందే చెప్తాము. రోజూ పొద్దున్నే పొడిబట్టతో కారు తుడిచే అలవాటు మానాలి. తాగే నీటి నల్లాకు పైపు తగిలించి కడిగే అలవాటు కూడా మానాలి. మొదటిది పెయింటును పాడు చేస్తుంది, రెండోది పక్కింటివారి కడుపు కొడుతుంది. వారానికో పది రోజులకో ఒకసారి, మూడు బకెట్ల నీళ్లతో, నిదానంగా కడిగితే చాలు.

ముందుగా మన దుమ్ము ఎలాంటిదో గమనించండి. మనది గుట్టల నేల, గ్రానైటు రాతి నేల. ఆ రాయే వేల ఏండ్లు ఎండకు పగిలి, వానకు నాని, మన చలకలుగా, దుబ్బ నేలలుగా మారింది. కాబట్టి కారు మీద పడే ఎర్రని దుమ్ములో మెత్తని మట్టి ఒక్కటే ఉండదు, కంటికి కనిపించని పలుగురాయి పలుకులు కూడా ఉంటాయి. రాళ్ల గట్టితనాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే మోస్ కొలతలో పలుగురాయిది 7. కిటికీ అద్దానిది సుమారు ఐదున్నర. అద్దాన్నే గీసే రాయి పెయింటును విడిచిపెడుతుందా? కారు రంగు మీద మెరుపు కోసం వేసే పై పూత, క్లియర్ కోట్ అనేది, చాలా కార్లకు 40 మైక్రాన్ల మందం అటూ ఇటూగా ఉంటుంది. అంటే మన తలవెంట్రుక కంటే పలుచన. దాని మీద పలుగురాయి పొడి పెట్టి, గుడ్డతో గుండ్రంగా రుద్దడమే మనము రోజూ చేస్తున్న తుడుపు.

నల్లకారునో, ముదురు రంగు కారునో మధ్యాహ్నం ఎండలో ఒకసారి పక్కకు వంగి చూడండి. సాలెగూడు లాంటి సన్నని గీతలు కనిపిస్తాయి. ఎండకు పెయింటు పోయిందని అందరూ అంటారు. ఎండ రంగును వెలిసిపోయేలా చేస్తుంది, నిజమే. ఆ సాలెగూడును అల్లింది మాత్రం మన చేతిలోని గుడ్డ. ఎంత శ్రద్ధగల మనిషి అయితే అన్ని ఎక్కువ గీతలు! శుభ్రత మీద ఉన్న ప్రేమే పద్ధతి తెలియక నష్టం చేస్తున్నది.

మన అమ్మమ్మలు బియ్యంలో రాళ్లను ఎలా తీసేవారు? రుద్దలేదు, నలపలేదు. నీళ్లు పోసి గాలించేవారు. తేలికగా తిప్పుతుంటే బియ్యం నీళ్లతో పైకి వచ్చేవి, రాయి అడుగున నిలిచేది. కారు కడగడంలో ఉన్న విద్య అంతా ఇదే. ముందు రాయిని వదిలించాలి, తరువాతే చేయి వేయాలి.

ఇక పద్ధతి చెప్తాము. తెల్లవారుజామునో, పొద్దు గూకిన తరువాతో, నీడలో పని మొదలుపెట్టండి. బానెట్ మీద అరచేయి పెడితే చల్లగా తగలాలి. వేడి రేకు మీద నీళ్లు, షాంపూ కడిగేలోగానే ఆరిపోయి మరకలు కడతాయి. మొదటి బకెట్ నీళ్లను చెంబుతో పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి మెల్లగా పోయండి. ఎండిన బురద మీద మరోసారి పోసి, ఐదు నిమిషాలు నాననివ్వండి. ఈ దశలో గుడ్డ ముట్టుకోవద్దు. గీతలు పడకుండా చూసేది ఈ ఐదు నిమిషాల ఓపికే.

రెండో బకెట్ నీళ్లను రెండుగా పంచండి. ఒక సగంలో కారు షాంపూ కొంచెం కలపండి, ఇంకో సగం ఒట్టి నీళ్లుగా ఉంచండి. మెత్తని మైక్రోఫైబర్ బట్టను షాంపూ నీళ్లలో ముంచి, పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపులు అనే వరుసలో, తిన్నగా, తేలిక చేతితో తుడవండి. గుండ్రంగా రుద్దవద్దు. ఒక్కో భాగం అయినప్పుడల్లా బట్టను ముందు ఒట్టి నీళ్లలో జాడించి, తరువాతే షాంపూలో ముంచండి. పని అయ్యాక ఒట్టి నీళ్ల బకెట్ అడుగున చూడండి. అక్కడ పేరుకున్న ఇసుక, లేకుంటే మీ పెయింటు మీద తిరిగేది. తలుపుల కింది భాగం చివరన కడగాలి, మట్టి ఎక్కువ ఉండేది అక్కడే. చక్రాలకు వేరే గుడ్డ పెట్టండి. చేతిలోని బట్ట నేల మీద పడిందా, దాన్ని ఇక ఆ పూట కారుకు తగిలించవద్దు.

మూడో బకెట్‌తో షాంపూ పోయేలా పై నుంచి పోసి, వెంటనే మెత్తని పొడి తువ్వాలుతో అద్ది ఆరబెట్టండి. దానంతట అదే ఆరనీయవద్దు. మన బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువ, నీరు ఆవిరైపోతే అవి తెల్లని చుక్కలుగా మిగులుతాయి. రాత్రిపూట జాతీయ రహదారి 65 మీదనో, 44 మీదనో పోయి వచ్చిన బండికి పురుగులు అతుక్కుని ఉంటాయి. వాటి మీదా, పిట్టల రెట్టల మీదా తడిబట్ట కాసేపు పరచి, నానిన తరువాత ఎత్తి తీయండి. గోకవద్దు.

కొన్ని అలవాట్లు పూర్తిగా విడిచిపెట్టాలి. బట్టల సబ్బుపొడి, గిన్నెలు తోమే సబ్బు పెయింటు మీది మైనపు పూతను లాగేస్తాయి. కొబ్బరి పీచు గిన్నెలకు మంచిది, కారుకు కాదు. మెరుస్తుందని కిరోసిన్, డీజిల్ పూసేవారున్నారు. ఆ జిడ్డు మెరుపు ఆ పూటకే, తెల్లారేసరికి దానికి రెట్టింపు దుమ్ము అంటుకుంటుంది. బయట వాషింగ్ సెంటర్‌కు పోయినా తప్పు లేదు, అక్కడి ప్రెషర్ నీళ్లు చేయి తగలకుండానే ఇసుకను వదిలిస్తాయి. కానీ టైరు తుడిచిన గుడ్డే తలుపు మీదికి రాకుండా చూడండి. వీలైతే మీ బట్ట మీరే తీసుకుపోండి.

ఇప్పుడు నీళ్ల సంగతికి వద్దాము. మీ ఇంటి పైపును 20 లీటర్ల బకెట్లో పెట్టి గడియారం చూడండి. రెండు నిమిషాలకు బకెట్ నిండిందనుకోండి, అరగంట పైపు వదిలి కారు కడిగితే 300 లీటర్లు పోయినట్టే. మిషన్ భగీరథ పథకంలో పల్లెల్లో ఒక మనిషికి రోజుకు 100 లీటర్లు అని లెక్క పెట్టారు. అంటే ఒక కారు మీద ముగ్గురు మనుషుల ఒకరోజు నీళ్లు పారబోసినట్టు. మనము చెప్పిన పద్ధతిలో అయ్యేది 60 లీటర్లు. పెయింటుకు మంచి చేసే పద్ధతే నీళ్లను కూడా మిగిలిస్తున్నది.

నీళ్ల విలువ మనకు ఎవరూ కొత్తగా నేర్పవలసిన పని లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు తాగి పండ్లు గార పట్టినవారిని, కాళ్లు వంకరపోయినవారిని, నడుము వంగిపోయినవారిని మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో మనము కండ్లారా చూశాము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్న ఫ్లోరైడును అంతకు ఎన్నో రెట్లు తాగిన పల్లెలు మనవి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే ఒక పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. ఒక జిల్లా పేరు ఇలా ప్రసిద్ధి కావడం సంతోషమేనా? ఈ బాధ దేశానికి తెలియాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. గెలవడానికి కాదు, గుక్కెడు మంచినీళ్ల కోసం. పాలమూరు సంగతి వేరుగా చెప్పాలా? కృష్ణ, తుంగభద్ర జిల్లా అంచునే పారుతుంటే, ఆ జిల్లా కూలీలు దూరదేశాల ప్రాజెక్టులకు మట్టి మోయడానికి వలసపోయారు.

ఇప్పుడు నల్లాల్లో వస్తున్న కృష్ణ నీళ్లు ఊరికే రాలేదు. నాగార్జునసాగర్ వెనుక పుట్టంగండి దగ్గర పెద్ద మోటార్లతో ఎత్తిపోస్తే, కొన్ని నీళ్లు అక్కంపల్లి మీదుగా హైదరాబాదుకు, కొన్ని కాలువ గుండా నల్లగొండ పక్కన పానగల్లు ఉదయ సముద్రానికి చేరుతున్నాయి. అంత దూరం ఎక్కివచ్చి, శుద్ధి అయి, క్లోరిన్ కలిసి వచ్చిన నీళ్లను కారు టైర్ల మీద పోయడం న్యాయమా? బెంగళూరులో 2024 మార్చిలో నీళ్లకు కటకట వచ్చినప్పుడు, తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని అక్కడి నీటి బోర్డు ప్రకటించవలసి వచ్చింది. మనకు జరిమానా దాకా ఎందుకు? మన పెద్దలు పడిన బాధ చాలదా?

“మేము నల్లా నీళ్లు వాడము, మా బోరు, మా కరెంటు” అనేవారున్నారు. తాగే నీటి కంటే బోరు నీరు నయమే, ఒప్పుకుంటాము. కానీ బోరు మోటారు మీది, కింద ఉన్న నీరు ఊరందరిది. రాతి నేలలో నీరు పగుళ్లలోనే దాగి ఉంటుంది. మీ బోరు గట్టిగా లాగితే పక్క బోరు ఎండుతుంది. ఊళ్ళో ఆర్ఓ ప్లాంటు ఉంటే, అది వదిలేసే నీళ్లను మొదటి పోతకు, చక్రాలకు వాడవచ్చు. చివరి పోతకు మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ కాబట్టి మరకలు పడతాయి. అన్నిటికంటే మంచిది వాన నీరు. ఇంటి పైకప్పు నుంచి జారే నీళ్లను గోలెంలో పట్టుకోండి. వాటిలో లవణాలు దాదాపు ఉండవు, మచ్చ మిగలదు.

చెరువులోకి బండి దించి కడిగేవారికి కూడా ఒక మాట. ఆ నీళ్లలో తేలే సన్నని ఇసుక పెయింటును గీస్తుంది. ఇంజిన్ నూనె, గ్రీజు చేపలకు, గొడ్లకు పోతుంది. రెండు వైపులా నష్టమే.

ఇంకొక సంగతి మనసులో ఉంచుకోండి. చాలా ఇండ్లలో బండి నడిపేది మగవారు, కడగడానికి నీళ్లు మోసేది ఇల్లాలు. ఎవరు నడుపుతారో వారే బకెట్ పట్టుకోవాలని మా అభిప్రాయం. మూడు బకెట్లు మోసినవాడు నాలుగోది వృథాగా పోయడు.

ఆదివారం పొద్దున ఆరాధనకు బయలుదేరే ముందే మనవారిలో చాలామంది కారు కడుగుతారు. నల్లా వచ్చే వేళ కూడా చాలా ఊళ్ళలో అదే. పైపులైను మొదట్లో ఉన్న ఇంట్లో మోటారు బిగించి బండి కడుగుతుంటే, చివరి ఇంటి నల్లా సన్నని ధార అవుతుంది, కాసేపటికి అదీ ఆగిపోతుంది. అక్కడ ఒక ముసలమ్మ బిందె పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ప్రియులారా, ఆ పని శనివారం సాయంత్రమే, నిలవ నీళ్లతో ముగించండి. ఆదివారం పొద్దున నల్లా చివరి ఇంటిదాకా రానివ్వండి. దారిలో దుమ్ము పడితే పడనివ్వండి. పొడిబట్టతో తుడవనంతవరకు ఆ దుమ్ము మీ కారుకు ఏ హానీ చేయదు.