చీపురు పని ‘కోర్’ కాదట: లేబర్ కోడ్‌ల్లో కనిపించని కులం

29 కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. అప్పటినుంచి కంపెనీల చర్చ అంతా లెక్కల చుట్టూనే తిరుగుతోంది: జీతంలో అలవెన్సులు సగానికి మించకూడదంటే పీఎఫ్ భారం ఎంత, గ్రాట్యుటీ ఎంత? ఈ లెక్కలు అవసరమే. కానీ ఏ పని చేసేవాళ్లకు ఏ హక్కు దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక స్టార్టప్ ఆఫీసును తీసుకోండి. లాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లు కంపెనీ ఉద్యోగులు. గది ఊడ్చి, బాత్రూమ్ కడిగి, గేటు దగ్గర నిలబడేవాళ్లు కాంట్రాక్టర్ మనుషులు. కంపెనీ టీషర్టు వేసుకుని బైక్ మీద తిరిగేవాళ్లు ‘పార్ట్‌నర్లు’. ముగ్గురి చెమటతో నడిచేది ఒకే కంపెనీ. చట్టం మాత్రం ముగ్గురికీ మూడు రకాలు.

లోపలివాళ్లకు ఉన్నవి

10 మంది, అంతకుమించి పనిచేసే చోట ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. రాజీనామా చేసినా, తీసేసినా రెండు పని దినాల్లో రావాల్సిన వేతనం చెల్లించాలి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. 20 మంది ఉంటే పీఎఫ్, 10 మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తాయి. ప్రసూతి సెలవు 26 వారాలు. లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం ప్రకారం 10 మంది ఉన్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ‘మాది చిన్న స్టార్టప్, ఇవన్నీ తర్వాత చూద్దాం’ అనే మాటకు చట్టంలో చోటు లేదు.

అయితే ఈ లోపలికి వచ్చే దారి ఎవరికి తెరిచి ఉంది? స్టార్టప్‌ల నియామకాలు చాలావరకు రిఫరల్స్ మీద నడుస్తాయి. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లనే తెస్తారు. మన సమాజంలో ‘తెలిసినవాళ్లు’ అంటే ఎక్కువగా సొంత కులంవాళ్లే. 2007లో సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ ప్రచురించిన అధ్యయనం ఈ వివక్షను బయటపెట్టింది. సమాన అర్హతలున్న దరఖాస్తులను ప్రైవేటు కంపెనీలకు పంపితే, దళితుల పేరున్న దరఖాస్తులకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం అగ్రకులాల పేర్లకంటే తక్కువగా తేలింది.

1976లో నిషేధం, ఇప్పుడు అనుమతి

వృత్తి భద్రత కోడ్ సంస్థ ‘కోర్’ పనుల్లో, అంటే ప్రధాన కార్యకలాపాల్లో, కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదంటుంది. దానికి మినహాయింపులు ఉన్నాయి. వాటికంటే ముందు, ఏవి కోర్ పనులు కావో ఒక జాబితా ఇచ్చింది. ఊడ్చడం, శుభ్రం చేయడం, చెత్త ఎత్తడం సహా పారిశుధ్యం అంతా అందులో ఉంది. కాపలా, క్యాంటీన్, ఎత్తుడు దింపుడు కూడా ఉన్నాయి. సంస్థ పెట్టిందే ఆ పని కోసం కాకపోతే, వీటిని కాంట్రాక్టుకు ఇచ్చేయవచ్చు.

పారిశుధ్యం ఎవరి నెత్తిన పడిందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్లలో 2024 నాటికి ‘నమస్తే’ పథకం కింద నమోదైన సుమారు 38 వేల మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలు. కులం తక్కువ చేసిన పనినే కోడ్ ‘కోర్ కాదు’ అంటోంది.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. 1976 డిసెంబర్ 9న కేంద్రం తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చే, శుభ్రం చేసే, కాపలా కాసే పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో సెయిల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒకప్పుడు నిషేధించిన కాంట్రాక్టును ఇప్పుడు చట్టమే జాబితా రాసి మరీ అనుమతిస్తోంది. పైగా 1970 చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులు ఉంటే వర్తించేది. ఇప్పుడు ఆ సంఖ్య 50. ఐదారుగురు హౌస్‌కీపింగ్ వాళ్లున్న చిన్న ఆఫీసు, 50 మంది లేని కాంట్రాక్టర్ ఆ అధ్యాయం కిందికే రారు.

‘పార్ట్‌నర్’ అనే పేరు

సామాజిక భద్రత కోడ్ గిగ్, ప్లాట్‌ఫాం కార్మికులను మొదటిసారి చట్టంలో గుర్తించింది. ఆ గుర్తింపులోనే మెలిక ఉంది. వీళ్లు సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాళ్లని నిర్వచనమే చెప్పింది. ప్లాట్‌ఫాం కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలి. అదీ కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం దాటకూడదు. నిధి వస్తుంది కానీ కనీస వేతనం, పని గంటల పరిమితి రావు. ఐడీ బ్లాక్ చేస్తే తొలగింపు కిందికి రాదు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో ఉబర్ డ్రైవర్లు కార్మికులేనని, కనీస వేతనానికి అర్హులని తేల్చింది. మన కోడ్ ఆ తలుపును ముందే మూసింది.

వివక్ష అంటే ఒక్క లింగ వివక్షేనా?

వేతనాల కోడ్ 3వ సెక్షన్ వేతనాల్లో, నియామకాల్లో లింగ వివక్షను నిషేధించింది. మంచిదే. కులం మాట మాత్రం ఎత్తలేదు. రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ 8 గంటల పనిదినాన్ని ముందుకు తెచ్చారు. కులం అంటే పని విభజన మాత్రమే కాదని, అది పనిచేసేవాళ్ల విభజన అని చెప్పిందీ ఆయనే. కార్మిక చట్టాలను కొత్తగా రాసినవాళ్లకు ఆ పాఠం గుర్తు రాలేదు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. అంటరానితనం పేరుతో ఉద్యోగం చేయకుండా అడ్డుకోవడం 1955 పౌర హక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీలను వృత్తి, వ్యాపారం, ఉద్యోగం చేయకుండా అడ్డుకోవడం అత్యాచారాల నిరోధక చట్టం 3(1) కింద కూడా నేరమే. ఈ సెక్షన్లు ఊళ్లకే అని ఎక్కడా లేదు. అద్దాల మేడలకూ వర్తిస్తాయి.

కాగితం మీద పెట్టండి

2016 జనవరి స్టార్టప్ ఇండియా కార్యాచరణ ప్రకారం స్టార్టప్‌లు కార్మిక చట్టాలు పాటిస్తున్నామని తమకు తామే ధ్రువీకరించుకోవచ్చు. మొదటి కొన్నేళ్లు, నమ్మదగిన రాతపూర్వక ఫిర్యాదు ఉంటే తప్ప తనిఖీ ఉండదు. అంటే మీరు రాయకపోతే ఎవరూ రారు. నియామక పత్రం, జీతం స్లిప్పులు, హాజరు, మెసేజ్‌లు దాచుకోండి.

కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే, వేతనాల కోడ్ 43వ సెక్షన్ ప్రకారం పని చేయించుకున్న సంస్థే చెల్లించాలి. దీనికి 50 మంది షరతు లేదు. క్లెయిమ్‌కు మూడేళ్ల గడువు ఉంది. కార్మికుడి తరఫున యూనియన్ కూడా వేయవచ్చు. క్యాంపస్‌లలో చదువుతున్న న్యాయ విద్యార్థులు హౌస్‌కీపింగ్ అక్కలతో, సెక్యూరిటీ అన్నలతో, రైడర్లతో కూర్చుని ఈ దరఖాస్తులు రాసిపెట్టినా అది ఉద్యమ పనే.

పోరాడాల్సింది ఇంకా ఉంది. వేతనాల కోడ్ 3వ సెక్షన్‌లో లింగం పక్కన కులం చేరాలి. పారిశుధ్యాన్ని ‘కోర్ కాదు’ జాబితా నుంచి తీసేయాలి. ప్రభుత్వ నిధులు, భూములు, పన్ను రాయితీలు తీసుకునే స్టార్టప్‌లు తమ ఉద్యోగుల సామాజిక వివరాలు, కాంట్రాక్టు కార్మికులతో సహా, ఏటా బయటపెట్టాలి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. తెలుగు ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో పనిచేసే నగరం అది. అక్కడి చట్టం గుర్తించిన కులాన్ని హైదరాబాద్, విశాఖ ఆఫీసుల విషయంలో మన కార్మిక చట్టం ఎందుకు గుర్తించదో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేంద్రమూ జవాబు చెప్పాలి.