చాయ్ పది నిమిషాలు ఆలస్యమైతే ఏమవుతుంది?

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. పోయిన రంజాన్ పండగ నాడు జుజ్‌దాన్‌లో చుట్టి అల్మారా పైన పెట్టిన ఖురాన్ షరీఫ్‌ను మళ్ళీ ఎప్పుడు దించారు?

ముందు నా సంగతే చెప్తాను. పెళ్ళయ్యాక తొమ్మిదేళ్ళు నేను రంజాన్ నెలవంక కనబడగానే దించి, పండగ నాడు పైకెక్కించేదాన్ని. ఆ నెల మాత్రం రోజుకో పారా, అంటే దాదాపు ఇరవై పేజీలు. సహరీ వంటకూ ఇఫ్తార్ వంటకూ మధ్య ఒకటే పరుగు. ఖతమ్ అయిందని అమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకునేదాన్ని. "ఏం చదివావే?" అని అమ్మ అడిగుంటే చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు.

ఒక ఏడాది పండగైన నాలుగో రోజు, ఎందుకో మనసై ఖురాన్ దించి కూర్చున్నాను. మా ఏడేళ్ళ పాప వచ్చి, "అమ్మీ, రంజాన్ అయిపోయింది కదా, ఇంకా ఎందుకు చదువుతున్నావ్?" అంది. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఖురాన్ అంటే నెల రోజుల పండగ సామాను అని దానికి నేర్పింది ఎవరు? నేనే.

ఈ మాట ఎత్తితే చాలు, అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఇంకాస్త ముందు లేవండమ్మా." ఇంట్లో అందరికంటే ముందు లేచేదీ, ఆఖరున పడుకునేదీ మనమే కదా! ఇంకెంత ముందు లేవాలి? నిద్ర తగ్గించుకుంటే నాలుగు రోజులు సాగుతుంది, ఐదో రోజు రెహల్ మీదే కునుకొస్తుంది. మనకు ఓపిక లేకపోవడం కాదు లోపం. ఇంట్లో అందరి పనులకూ వేళ ఉంది, మన ఖురాన్‌కు మాత్రం మిగిలిన వేళే గతి. అందరి పనులూ తీరాక ఆ మిగిలే వేళ ఏ రోజూ రాదు.

"ఇంటి సేవ కూడా ఇబాదతే కదా" అంటారు ఇంకొందరు. అవును, ఇబాదతే. హలాల్ సంపాదన కూడా ఇబాదతే. మరి కొట్టు చూసుకోవాలి గనక ఖురాన్ మానేయమని మగవాళ్ళకు ఎవరైనా చెప్తారా?

అందుకే మా ఇంట్లో ఒక్కటే మార్చాను. ఫజర్ నమాజు అయ్యాక ముసల్లా మీద నుంచి లేవకుండా ఒక పేజీ చదువుతాను. చాయ్ పది నిమిషాలు ఆలస్యం. మొదటి వారం అత్తమ్మ సణిగారు, మా ఆయన వంటింట్లోకి తొంగిచూశారు. మూడో వారానికి ఆయనే పాలు పొయ్యి మీద పెట్టడం నేర్చుకున్నారు.

ఒక పేజీతో ఏమవుతుందని తీసిపారేయకండి. మదీనా ముద్రణ ముస్‌హఫ్‌లో 604 పేజీలు. రోజుకొకటి చదివితే ఏడాదీ ఎనిమిది నెలల్లో పూర్తవుతుంది. ఆలస్యమంటారా? ఖురాన్ దిగడానికే దాదాపు 23 ఏళ్ళు పట్టింది. ఒకేసారి ఎందుకు దించలేదని ఆక్షేపించిన వాళ్ళకు ఫుర్ఖాన్ సూరాలో జవాబుంది: హృదయాన్ని స్థిరపరచడానికి. ముజ్జమ్మిల్ సూరా చివర, జబ్బుపడేవాళ్ళనూ ప్రయాణాల్లో ఉండేవాళ్ళనూ తలచుకుని, వీలైనంతే చదవమన్న వెసులుబాటు ఉంది. అల్లాహ్ ఇచ్చిన ఆ వెసులుబాటును మనకు మనమే ఎందుకు లాగేసుకోవాలి? కొంచెమైనా సరే, విడవకుండా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని ఆయిషా గారి హదీసు మనందరం విన్నదే.

నెలసరి రోజుల్లో ముస్‌హఫ్ ముట్టుకోం, అక్కడే అలవాటు తెగుతుంది. నేను ఆ వేళను మాత్రం వదలను. అదే పది నిమిషాలు, అదే చోట కూర్చుని ఖిరాత్ వింటాను, ఆ పేజీకి తెలుగు అర్థం చదువుకుంటాను. ఇంట్లో మాట్లాడేది తెలుగైనప్పుడు అర్థం తెలుగులో చదవడానికి సిగ్గెందుకు?

రంజాన్ ఖతమ్ వద్దనడం లేదు. ఆ ఒక్క నెల పరుగుతో పదకొండు నెలల బాకీ తీరిందనుకోవద్దు అంటున్నాను. రేపు పొద్దున జుజ్‌దాన్ విప్పండి. చాయ్ ఏదని ఎవరైనా అడిగితే, "పది నిమిషాలు ఆగండి" అనండి. ఆ మాట మీ కూతురి చెవిన పడనివ్వండి. రేపు దాని ఇంట్లో అదే మాట అనడానికి దానికి ధైర్యం రావాలి.