వాకిట నిలిచిన విజేత

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కెంటకీ యను సీమ కలదు. మేలుజాతి గుఱ్ఱములకును, మొక్కజొన్నతో కాచి ఓకు పీపాలలో ఏండ్ల తరబడి నిలువయుంచెడి బర్బన్ మద్యమునకును, అతిథి మర్యాదకును తమకు సాటి లేరని ఆ సీమవారు చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. ఆ రాష్ట్రమునందలి లూయీవిల్ నగరమున 1875 మొదలు ఒక్క యేడైనను తప్పక జరుగుచున్న కెంటకీ డెర్బీ యను గుఱ్ఱపు పందెము, రమారమి రెండు నిమిషములలో ముగిసిపోవునదే యైనను, దానిని చూచుటకై లక్షకు పైబడిన జనము చర్చిల్ డౌన్స్ మైదానమునకు చేరుదురు. దూరదేశములలో స్థిరపడిన కెంటకీవారును మే నెల మొదటి శనివారము నెపముగా పెట్టుకొని పుట్టినయూరు చూచుకొనవత్తురు. మనవారికి సంక్రాంతి యెట్టిదో వారికి డెర్బీ యట్టిది. బంధువులు కూడుటయు, భోజనములు వడ్డించుకొనుటయు, ఎడ్లపందెమునకు బదులు గుఱ్ఱపు పందెము చూచుటయు ఆ పండుగలోనివే.

1961లో అట్లు తిరిగివచ్చినవారిలో జిమ్మీ వింక్‌ఫీల్డ్ ఒకడు. 1901, 1902 సంవత్సరములలో వరుసగా రెండుమార్లు డెర్బీ గెలిచిన జాకీ అతడు, అప్పటికి ఎనుబదియేండ్లకు చేరువైనవాడు, ఫ్రాన్సు దేశమున, పారిస్ నగరమునకు సమీపమున, మెజాన్ లాఫిట్ అను పట్టణములో పందెపు గుఱ్ఱములకు శిక్షణ నిచ్చుచు కాలము గడపుచున్నవాడు, నల్లజాతివాడు. పందెమునకు ముందు జరిగిన విందునకు స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికవారి అతిథిగా ఆహూతుడై, కుమార్తెను వెంటబెట్టుకొని, లూయీవిల్ నడిబొడ్డున నున్న బ్రౌన్ హోటలు ముఖద్వారము కడకు వచ్చిన ఆ వృద్ధుని, నల్లవారికి ఆ ద్వారమున ప్రవేశము లేదని అచ్చటివారు ఆపివేసిరి. ఆహ్వానము మీద వచ్చినవాడనని చెప్పి, చాలసేపు వాకిట నిలుచుండి, తుదకు లోపలికి పోగలిగెను కాని, ఆ నిండు సభలో తండ్రీకూతుళ్లను పలుకరించినవారు మిక్కిలి అరుదు.

ఈ వృత్తాంతమును నేనిచ్చట ఎత్తుకొనుట అమెరికావారిని నిందించుటకు కాదు. ఒక నేల తనదని చెప్పుకొను రుచులును, తనదని చెప్పుకొను క్రీడయు ఎవరి చేతులలో పెరిగినవో, ఆ చేతులవారినే వాకిట నిలువబెట్టుట ఎంత ఘోరమో ఈ ఒక్క సాయంకాలము చూపినంత స్పష్టముగా వేరొకటి చూపజాలదని నా దృఢవిశ్వాసము.

మొదట వంటకముల మాట. బ్రౌన్ హోటలు 1923లో వెలసినది. రాత్రి ప్రొద్దుపోవు వరకు నృత్యము చేసి అలసిన అతిథులు పంది తొడమాంసము, గ్రుడ్లు తిని తిని విసిగియుండగా, 1926లో ఫ్రెడ్ ష్మిట్ అను వంటవాడు వారికై ఒక క్రొత్త వంటకము కల్పించెను. కాల్చిన రొట్టెముక్కపై టర్కీ కోడిమాంసపు పలుచని పొరలు పేర్చి, వెన్న, పిండి, పాలు, చీజు కలిపి చిక్కగా కాచిన తెల్లని రసమును దానిపై నిండుగా పోసి, పై సెగ తగులునట్లు పొయ్యిలోనుంచి, ఆ రసము బుడగలెత్తి అంచుల వెంట గోధుమవన్నెకు తిరుగగానే వెలికి దీసి, వేచిన బేకను ముక్కలు రెండింటిని అడ్డముగా వేసి, టొమాటో ముక్కలతో వడ్డింతురు. చేతితో ఎత్తి తినుటకు వీలుకాని ఆ రొట్టెను కత్తి, ముల్లుచెంచాలతోనే తినవలెను. హాట్ బ్రౌన్ అను పేర నేడది అమెరికా యంతట ప్రసిద్ధము. డెర్బీ వారమున లూయీవిల్ చేరిన యాత్రికులు దానిని పుట్టినచోటనే తినవలెనని ఆ హోటలునకు పోవుదురు. ఆ వంటకమునకు పుట్టినిల్లయిన ఆ భవనపు గుమ్మముననే వింక్‌ఫీల్డు నిలువవలసివచ్చెను.

హాట్ బ్రౌన్ హోటలు వంటవాని కల్పన. బర్గూ సంగతి వేరు. అది ఊరుమ్మడి వంట. ఆరుబయట పెనుకాగులలో కోడిమాంసము, గొఱ్ఱెమాంసము, ఏది దొరకిన నది వేసి, మొక్కజొన్న గింజలు, చిక్కుడు, బంగాళాదుంపలు, టొమాటోలు, బెండకాయలు చేర్చి, గరిటె నిలుచునంత చిక్కనగునట్లు గంటల తరబడి ఉడికింతురు. అందలి బెండ ఆఫ్రికా ఖండపు పంట. బానిసలుగా ఆ నేలకు తేబడినవారితోనే అది అచ్చటి వంటయింట చేరినది. లెక్సింగ్టన్ నగరమున బర్గూ వండుటలో ప్రసిద్ధికెక్కిన జేమ్స్ లూనీ యనునతని బిరుదమును ఒక గుఱ్ఱమునకు పెట్టగా, ఆ బర్గూ కింగ్ 1932లో డెర్బీ గెలిచినది. వంటకును పందెమునకును గల చుట్టరికమునకు ఇంతకంటె నిదర్శనము వెదకనక్కరలేదు.

ఇక డెర్బీకి చిహ్నమైన మింట్ జూలెప్ కలదు. వెండి గిన్నెలో పుదీనాకులు, పంచదార, నలిపిన మంచు, బర్బన్ పోసి, గిన్నె వెలుపలివైపు తెల్లని నూగు పట్టువరకు కదలింతురు. మద్యపానమును మెచ్చువాడను కాను గాని, ఆ పానీయమును కూర్చుట ఒక విద్యగా నేర్చి దానికి కీర్తి తెచ్చినవారిలో నల్లజాతి సేవకులు అగ్రగణ్యులని చెప్పుట ధర్మము. లూయీవిల్‌లో పుట్టి, ఆ నగరపు పెద్దల క్లబ్బులో పనిచేసిన టామ్ బుల్లక్ అను నల్లజాతివాడు ఇట్టి పానీయములపై ఒక గ్రంథము వ్రాసి 1917లోనే అచ్చువేయించెను.

వంటయిల్లు నాలుగు గోడల నడుమ నుండునది గనుక అచ్చటి శ్రమ లోకమునకు కానరాలేదనుకొందము. పందెపు మైదానమున జరిగినది పదివేలమంది కన్నులయెదుట జరిగినదే కదా. 1875 మే 17వ తేదీని జరిగిన మొదటి డెర్బీలో స్వారిచేసిన 15 మంది జాకీలలో 13 మంది నల్లవారు. గెలిచిన గుఱ్ఱము ఆరిస్టైడీసు. దానిపై కూర్చున్నవాడు ఆలివర్ లూయిస్ అను నల్లజాతి యువకుడు. దానికి శిక్షణ గరపినవాడు బానిసగా పుట్టిన ఆన్సెల్ విలియమ్సన్. మొదటి 28 డెర్బీలలో 15 నల్లజాతి జాకీలే గెలిచిరి. 1892లో గెలిచిన అలొంజో క్లేటన్ 15 ఏండ్ల బాలుడు. ఐజాక్ మర్ఫీ 1884, 1890, 1891 సంవత్సరములలో గెలిచి, మూడు డెర్బీలు గెలిచిన మొట్టమొదటి జాకీ యయ్యెను. దీనికి కారణము దుర్గ్రాహ్యము కాదు. బానిసత్వపు దినములలో యజమానుల లాయములయందు గుఱ్ఱములను కడుగుటయు, మేపుటయు, మచ్చిక చేయుటయు, పరుగెత్తించుటయు నల్లవారి పనియే గనుక, ఆ విద్య తండ్రినుండి కొడుకునకు సంక్రమించినది. అప్పటికది పేదల కొలువు. పందెపు బహుమానములు పెరిగి, జాకీ సంపాదన పదిమంది కంట పడిన పిమ్మట, తెల్లజాతి జాకీలు కట్టుగా నిలిచి, నల్లవారి గుఱ్ఱములను కంచెకు నొక్కుటయు, పరుగులోనే కొరడాతో కొట్టుటయు ఆరంభించిరి. చిక్కువచ్చునన్న భయమున యజమానులు నల్లవారికి గుఱ్ఱములనిచ్చుట మానిరి.

ఆ తరమున చివరి విజేత వింక్‌ఫీల్డు. లెక్సింగ్టన్ సమీపమున కౌలురైతు ఇంట, పదునేడుగురు సంతానములో కడగొట్టువాడుగా పుట్టెను. 1902 డెర్బీలో ఆయన చూపిన ప్రజ్ఞ నేటికిని చెప్పుకొనదగినది. ఆయన యజమానికి రెండు గుఱ్ఱములుండెను. వానిలో తన కేది కావలెనో ఎంచుకొను హక్కు పేరుగల తెల్లజాతి జాకీ కుండెను. ఉదయపు సాధనలలో అలన్-ఎ-డేల్ అను గుఱ్ఱపు వేగమును వింక్‌ఫీల్డు కావలెననియే అణచియుంచగా, ఆ తెల్లజాకీ రెండవదానిని ఎంచుకొనెను. పందెమునాడు దారిలో ఇసుక దట్టముగా పోసియున్న భాగమునకు ప్రత్యర్థులను నెమ్మదిగా మళ్లించుచు, గట్టినేలను తనకుంచుకొని ముందునకు సాగిన ఆయన, తుది దశలో గుఱ్ఱము కుంటుపడినను దానిని ఓదార్చి పరుగెత్తించి, ముక్కు చివరంత వాసితో గెలిచెను. మరుసటియేడు రెండవస్థానము వచ్చెను. అటుపై ఒక యజమానికిచ్చిన మాట తప్పినందున ఆయనకు పగ చుట్టుకొనెను. నల్లజాకీలకు గుఱ్ఱములు దొరకుటయే గగనమైన ఆ దినములలో, 1904లో, రష్యా దేశమునకు తరలిపోయెను.

అచ్చట ఆయన భాగ్యము పండినది. మాస్కో, వార్సా నగరముల డెర్బీలు గెలిచెను. జారు చక్రవర్తి కాలపు ధనికుల మన్ననలందెను. విప్లవము వచ్చిన పిదప, 1919లో ఒడెస్సా నగరమునుండి రెండువందలకు పైబడిన మేలుజాతి గుఱ్ఱములను తోలుకొని, తోడి జాకీలతోను శిక్షకులతోను కూడి, వెయ్యిమైళ్లకు పైచిలుకు దూరము నడచి పోలండు చేరెను. త్రోవలో తిండి దొరకక, తాము ప్రాణముగా పెంచిన గుఱ్ఱములలో కొన్నిటిని చంపి తినవలసిన దుర్గతి ఆ బృందమునకు పట్టినది. ఆ సంగతి తలచిన ప్రతిసారియు నా మనస్సు కలతపడును. పిమ్మట ఫ్రాన్సు చేరి, యేబదియేండ్లకు చేరువగు వరకు స్వారిచేసి, జీవితమున 2,500కు పైగా పందెములు గెలిచెను. జర్మను సేనలు ఫ్రాన్సును ఆక్రమింపగా 1941లో అమెరికాకు పారివచ్చిన ఆ మహాశ్వికునకు న్యూయార్కులో దొరకిన పని దారులు త్రవ్వు కూలి. అనంతరము దక్షిణ కెరొలీనాలో ఇతరుల లాయమున పనిచేసి, 1953లో మరల ఫ్రాన్సు చేరెను. కనుక 1961 నాటి రాక ఆయనకు చుట్టపుచూపు మాత్రమే.

డెర్బీ పరుగునకు ముందు, గుఱ్ఱములు మైదానమునకు వచ్చు వేళ, సభ యంతయు లేచి నిలిచి స్టీఫెన్ ఫాస్టరు 1853లో ప్రకటించిన మై ఓల్డ్ కెంటకీ హోమ్ అను పాట పాడుట ఆచారము. వినువారిలో పలువురు కన్నీరు పెట్టుకొందురు. కెంటకీలోని తన గుడిసెను విడిచి, దక్షిణపు చెఱకుతోటలకు పంపబడుచున్న బానిస యొక్క వేదన ఆ పాటకు వస్తువు. ఇల్లు బాసినవాని దుఃఖమును అంత ఆర్ద్రముగా పాడుకొను నగరము, నిజముగా ఇల్లు బాసి తిరిగివచ్చినవానిని గుర్తింపలేకపోయినది. అంతకు కొలది నెలలకు ముందే, 1960లో, రోము ఒలింపిక్ క్రీడలయందు స్వర్ణపతకము గెలిచి ఆ లూయీవిల్‌కే తిరిగివచ్చిన ముష్టియోధుడు, పిమ్మట మహమ్మదాలీ యను పేర లోకప్రసిద్ధుడైనవాడు, తన ఊరి భోజనశాలలో తనకు వడ్డింపమనిరని ఆత్మకథలో చెప్పుకొనెను. 1961 వసంతమున ఆ నగరపు నల్లజాతి విద్యార్థులు భోజనశాలల యెదుట నిరసన సాగించి వందలకొలదిగా నిర్బంధింపబడిరి. వారి పట్టుదల ఫలించి, 1963లో లూయీవిల్ నగరసభ అట్టి నిషేధములను చట్టమూలమున రద్దుచేసెను.

తెలుగువాడు ఇది చదివి, అన్యదేశపు కథయని పుట త్రిప్పరాదు. పల్లెటూరి కాఫీ హోటలులో దళితునకు వేరు గ్లాసు పెట్టి, త్రాగినది తానే కడిగి పెట్టవలెనన్న నియమము మన నేలపైనను నడచినది. ఆ హోటలువాడు కాచిన పాలనిచ్చు గేదెను మేపినదియు, ఆ పొయ్యి క్రింది కట్టెలు కొట్టినదియు తఱచుగా ఆ బయటనిలిచినవాడే.

1921లో హెన్రీ కింగ్ స్వారిచేసిన పిమ్మట, 2000 సంవత్సరమున మార్లన్ సెయింట్ జూలియన్ గుఱ్ఱమెక్కు వరకు, 79 ఏండ్లపాటు డెర్బీలో నల్లజాతి జాకీ ఒక్కడును కానరాలేదు. వింక్‌ఫీల్డు 1974 మార్చి నెలలో మెజాన్ లాఫిట్‌లోనే కన్నుమూసెను. నూరవ డెర్బీ ఆ మే నెలలోనే జరిగినది. అమెరికా గుఱ్ఱపు పందెముల కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చుటకు 2004 వరకు పట్టినది.

నేడు అమెరికాలో మన తెలుగువారు లక్షలసంఖ్యలో నున్నారు; అందు కొందరైనను వేడుకకై డెర్బీకి పోవుచుందురు. వారికి నా మనవి యొక్కటి. చర్చిల్ డౌన్స్ ద్వారము ప్రక్కనే కెంటకీ డెర్బీ మ్యూజియము కలదు. అందు నల్లజాతి అశ్వికుల చరిత్రకు ప్రత్యేకముగా ఒక భాగము కేటాయించిరి. పందెము కాయుటకు ముందు ఒక గంట అచ్చట గడపుడు. మీ పిల్లలను వెంట తీసికొనిపొండు. ఆలివర్ లూయిస్, ఐజాక్ మర్ఫీ, జిమ్మీ వింక్‌ఫీల్డు అను పేరులను వారిచేత పైకి చదివింపుడు.

— పథికుడు