ఇరుసునకును చట్రమునకును నడుమ

ఇంటి షెడ్డులో సొంత చేతులతో కట్టుకొన్న కారును చూడవచ్చినవారు మొదట ఇంజను మూత యెత్తి చూతురు. పిదప రంగును మెచ్చుకొందురు. మోకాళ్లపై వంగి, ఇరుసునకును చట్రమునకును నడుమ ఎన్ని అంగుళముల ఖాళీ యున్నదో చూచువాడు అరుదు. కాని కట్టినవాని విద్య యెంతటిదో తెలియునది ఆ ఖాళీలోనే. ఇంజనును డబ్బిచ్చి కొనవచ్చును. రంగును ఇంకొకరిచే వేయించవచ్చును. బండి నేలకు ఎంత యెత్తున నిలువవలెను, గోతిలో పడినపుడు ఎంత దిగవలెను, దిగినది ఎట్లు లేవవలెను అనునవి మాత్రము కట్టినవాడే కొలిచి, విప్పి, మరల బిగించి తేల్చుకొనవలసిన సంగతులు.

ఇట్టి కార్లను అమెరికాలో 'హాట్ రాడ్' లందురు. దక్షిణ కాలిఫోర్నియాయందు, మొజావే ఎడారిలోని మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల చదునునేలపై, 1930 తరువాతి యేండ్లలో యువకులు పాత ఫోర్డు కార్ల మడ్గార్డులు ఊడదీసి, బరువు తగ్గించి, వేగమునకై పోటీపడిరి. ఆ పోటీలను ఒక క్రమములో పెట్టుటకు 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషను ఏర్పడెను. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పేరిట మాసపత్రికయే వెలువడెను. తొలుత వేగమొక్కటే లక్ష్యమైనను, రానురాను రూపమునకును ప్రాధాన్యము వచ్చెను. కొమ్ములు దించిన కోడెవలె బండి ముందుకు వంగి నిలువవలెను! ఆ మోజే అనేకులను దారి తప్పించినది.

వారు మిక్కిలి మక్కువపడిన 1932 నాటి ఫోర్డునకు ముందొకటి, వెనుకనొకటి కమాను కట్టలుండెను. అవియు ఇచ్చటి లారీలయందువలె బండి పొడవునకు గాక అడ్డముగా అమర్చబడినవి. అది గుఱ్ఱపుబగ్గీల నాటి పద్ధతి. 1908 నాటి 'మోడల్ టి' మొదలు 1948 వరకు ఫోర్డు కార్లు దానిని విడువలేదు.

అట్టి బండిని దింపుటకు గల మార్గములలో మిక్కిలి సులభమైనదే మిక్కిలి చెడ్డది. గ్యాసుమంటతో కమాను పట్టీలను కాల్చి కుంగజేయుదురు. ఉక్కు పదును పోవును. నేడు రెండంగుళములు కుంగిన పట్టీ రేపు నాలుగంగుళములు కుంగును, ఎల్లుండి విఱుగును. కొన్ని పట్టీలను తీసివేయుట దానికంటె మేలు గాని, ఎత్తుతోపాటు బలమును తగ్గును. మడ్గార్డులు పోయి బండి తేలికయైనది గనుక కొంత తగ్గుట మంచిదే. మితిమీరినచో ప్రతి గోతిలోను ఇరుసు చట్రమును గ్రుద్దును. విషయమెఱిగినవారు వేరొక త్రోవ పట్టిరి. ఇరుసు కొసలను వేడిచేసి సాగదీసి, చక్రములు బిగించు తావు పైకి వచ్చునట్లు ఇరుసునే వంచిరి. అప్పుడు బండి ఎత్తు తగ్గును. కమాను బలము చెక్కుచెదరదు. ఎత్తు వేరు, బలము వేరు అని గుర్తించుటయే ఈ విద్యలో తొలిమెట్టు.

ఈ మెట్టువద్దనే నేటివారును తడబడుచున్నారు. కమానునకు బదులుగా, చుట్ట స్ప్రింగును షాక్ అబ్సార్బరును ఒకటిగా కూర్చిన సాధనములు నేడు వాడుకలో నున్నవి. వాని మరను త్రిప్పి స్ప్రింగు పీటను పైకి జరిపినచో బండి లేచును. త్రిప్పినకొలది స్ప్రింగు గట్టిపడునని పలువురి నమ్మకము. ఉన్నత పాఠశాల విద్యార్థి కాగితముపై ఖండింపగల నమ్మకమిది. అంగుళమునకు 150 పౌన్ల బలముగల స్ప్రింగుపై 600 పౌన్ల బరువు పడినచో అది 4 అంగుళములు కుదించుకొనును. పీటను అంగుళము పైకి జరిపినను బరువు 600 పౌన్లే. కుదింపు 4 అంగుళములే. మారినది పీట ఎత్తు మాత్రమే. ఆ స్ప్రింగును ఏటవాలుగా బిగించినపుడు మాత్రము లెక్క నిజముగా మారును: నిలువునకు 30 డిగ్రీలు ఒఱగిన స్ప్రింగు ఇరుసువద్ద తన బలములో నాలుగవవంతు కోల్పోవును. కొసైనులు ఎందులకని అడుగు విద్యార్థికి ఇంతకంటె చక్కని జవాబు దొరకదు.

మరలు నాలుగు మూలలనుండుటచే ఇంకొక చిక్కు కలదు. ఒక మూల వంగినట్లు కనబడినదని దానినొక్కదానినే త్రిప్పుట, మంచము కోడు ఒకదానిక్రింద చెక్కపెట్టుట వంటిది. బరువంతయు ఆ కోడుపైనను, దానికి ఐమూలగానున్న కోడుపైనను పడును. తక్కిన రెండును తేలిపోవును. కారు అట్లు తేలినచో బ్రేకు వేసినపుడు ఒకవైపునకు లాగును. కావుననే చదునైన గచ్చుపై నిలిపి, టైర్లలో గాలి సరిచూచి, నడుపువాని బరువును ఆసనమున నుంచి కొలతలు తీసికొందురు. మరను త్రిప్పిన పిమ్మట బండిని కొంతదూరము దొర్లించి మరల కొలువవలెను.

అన్నిటికంటె ప్రమాదకరమైనది కంటికి కనబడని మార్పు. సైకిలు ముందుఫోర్కు వాలియుండుట అందరును చూచినదే. కారు ముందుచక్రము తిరుగుటకు ఆధారమైన కింగ్ పిన్ కూడ అట్లే పైకొస వెనుకకు వాలియుండును. ఆ వాలువలననే చక్రము తనంతట తాను తిన్నబడును. ఇట్టి ఇరుసుకార్లకు ఆ వాలును 5 నుండి 7 డిగ్రీలవరకు ఉంచుట వాడుక. 1932 ఫోర్డునకు ముందు వెనుక ఇరుసుల నడిమి దూరము 106 అంగుళములు. రూపముకొఱకు వెనుక పెద్ద టైర్లు వేసి 4 అంగుళములు ఎత్తినచో చట్రము రెండు డిగ్రీలకు పైగా ముందునకు వంగును. చట్రమునకు కట్టుబడిన ముందు ఇరుసును దానితోపాటు తిరుగును. అయిదు డిగ్రీల వాలులో మూడైనను మిగులదు. షెడ్డునుండి బజారువరకు ఏమియు తెలియదు. గంటకు 60 మైళ్ల వేగమున, ప్రక్క ఆసనమున తమ్ముడో భార్యయో కూర్చుండియుండగా, బండి దారి వెదకుకొనుచు అటునిటు తిరుగ మొదలిడును.

బండిని దింపుటయే తప్పనువారును ఉన్నారు. అది న్యాయము కాదు. బరువు నేలకు దగ్గఱైన బండి మలుపులలో తక్కువ ఒఱగును. దిగిన తరువాత ఇరుసు కదలుటకు చోటు మిగుల్పకుండుటయే తప్పు.

తయారైన బండిని ఇష్టానుసారము మార్చుటకు భారతదేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము సాధారణముగా అనుమతింపదు. కాని చూచి నేర్చుటకు అడ్డేమున్నది? పాఠశాలలో స్ప్రింగునకు తూనికరాళ్లు వ్రేలాడదీసి, గీత గీయించి, మార్కులిచ్చి ముగింతురు. ఆ గీత దేనికి పనికివచ్చునో విద్యార్థి యెఱుగడు. ఊరి చివర లారీల షెడ్డులో కమాను కట్టలు విప్పు మేస్త్రీయొద్దకు ఒక పూట తీసికొనిపోయినచో, హుక్ సూత్రము వానికి జన్మలో మరపునకు రాదు. ఇట్టి పాఠమును ప్రణాళికలో చేర్చుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు.

హాట్ రాడ్ కట్టువారిలో ఒక పాత కట్టుబాటు కలదు: చక్రపు రిమ్ముల అడుగు అంచుకంటె క్రిందికి బండి భాగమేదియు దిగరాదు. అప్పుడు టైరు పగిలి రిమ్ము నేలనంటినను స్టీరింగు కడ్డీ నేలను తాకదు. దీనిని చూచుటకు యంత్రమక్కఱలేదు. ఒక రిమ్ము అడుగునుండి మఱియొక రిమ్ము అడుగునకు, ఐమూలలకును దారము బిగించి లాగి, పడుకొని చూతురు. దారమును తాకునది ఏదైన కనబడినచో, ఆనాటికి రంగుపని ఆగినట్లే.